మంచం పక్కన ఇద్దరు

జూన్ 3

బాబాయ్,

నువ్వు ఏ రేవులో ఉన్నా సరే, చేతులకున్న నూనె తుడుచుకుని ఈ ఉత్తరం విప్పు. పోయినసారి నీ జవాబులో సగం అక్షరాలు గ్రీజు కింద పోయాయి. అమ్మ దాన్ని వెలుతురుకి పట్టి చూసి, "మీ బాబాయికి ఒంట్లో బాగాలేదటే" అని రెండు రోజులు బెంగ పెట్టుకుంది. తీరా చూస్తే బాగాలేనిది మీ ఓడ ఇంజిన్‌కి. ఆ ఇంజిన్ హోరులో నీ చెవులు మొద్దుబారి ఫోను వినబడదు కాబట్టి మనకి ఉత్తరాలే గతి. కనీసం శుభ్రంగా రాయి.

ఇక నా కబురు. నన్ను ఐసీయూ డ్యూటీకి మార్చారు. ఎనిమిది మంచాల వార్డు. ఇక్కడి రోగుల్లో చాలామందికి నోట్లో ట్యూబు ఉంటుంది, ఊపిరి వెంటిలేటర్ తీస్తుంది. నొప్పి అని చెప్పలేరు, దాహం అని అడగలేరు. వాళ్ళ బదులు మిషన్లు అరుస్తాయి, మేం వినాలి. నా ఎత్తు సంగతి నీకు తెలుసుగా. గుండె మీద ఒత్తాల్సి వస్తే స్టూలెక్కాలి. అందుకని వచ్చిన వారానికే నాకు స్టూలు సిస్టర్ అని పేరు పెట్టేశారు. ఇంట్లో నువ్వు పెట్టిన పేరు వీళ్ళకి తెలియకపోవడమే అదృష్టం.

మొన్న ఒకటి జరిగింది. ఒక రైలు డ్రైవరుకి ట్యూబులో కఫం గడ్డకట్టి అడ్డుపడింది. అలాంటప్పుడు మిషన్ విప్పేసి అంబు బ్యాగు తగిలించి చేత్తో పిసుకుతూ ఊపిరి అందించాలి. ప్రతి మంచం తలవైపు కొక్కేనికి ఒక అంబు బ్యాగు వేలాడుతూ ఉండాలి. నేను చూడకుండానే చెయ్యి చాపాను. కొక్కెం ఖాళీ. పక్క మంచానికి అవసరమై ఎవరో తీసుకెళ్ళి తిరిగి పెట్టలేదు. పరుగెత్తి తెచ్చేసరికి ఆయన పెదాలు నీలంగా మారాయి. డాక్టరు ట్యూబు మార్చాడు, ఆయన బతికాడు. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. అందరూ మళ్ళీ పనిలో పడిపోయారు. నేను మాత్రం ఆ రోజు ఎనిమిది కొక్కేలూ చూసి గానీ ఇంటికి రాలేదు.

ఇక్కడ డ్యూటీ మారేటప్పుడు దిగేవాళ్ళు బల్ల దగ్గర నిలబడి, "ఆయన బాగానే ఉన్నాడు, ఈవిడకి జ్వరం తగ్గింది" అని నోటిమాటగా చెప్పేసి సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోతారు. అలా కాకుండా దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు ఇద్దరూ మంచం పక్కన నిలబడి అన్నీ కళ్ళతో చూసి, చేత్తో ముట్టుకుని, పైకి చెప్పుకుంటే ఎలా ఉంటుందని అడిగాను. చేతి పట్టీ మీద పేరు, ట్యూబు పెదవి దగ్గర ఏ గీత మీద ఉందో, ఏ మందు ఏ నరంలోకి పోతోందో, అలారం ఏ అంకెకి మోగుతుందో, అంబు బ్యాగు, మంచం వెనక ఆక్సిజన్ సిలిండరు. మా వార్డు బాధ్యత చూసే పెద్ద సిస్టర్ మాటల్లో మహా పిసినారి. "ఒక నెల చేసి చూడండి. తర్వాత అందరం కూర్చుని ఉంచాలో తీసేయాలో తేలుద్దాం" అంది, అంతే.

ఒక్కావిడకి మాత్రం బొత్తిగా గిట్టలేదు. వార్డులో అందరికంటే పాత నర్సు. చేతి వేగానికి ఆవిణ్ణి మెరుపు అంటారు. ఎవరికీ దొరకని నరం ఆవిడకి దొరుకుతుంది. "నేను పని నేర్చుకునేనాటికి నువ్వు పలక కూడా పట్టుకోలేదు. ఇప్పుడు నా పని నువ్వు తనిఖీ చేస్తావా? నేనంటే నమ్మకం లేదని చెప్పు, సరిపోతుంది" అంది. నువ్వయితే ఏం చెప్పేవాడివి?

నీ పొట్టి

జూన్ 17

పొట్టీ,

చేతులు సబ్బుతో కడుక్కుని మరీ రాస్తున్నాను, వదినకి చూపించు. ఇంజిన్‌కి నయమయింది. నాకు మొదటినుంచీ ఏమీ కాలేదు.

నీ ఉత్తరం ఇంజిన్ గదిలోనే చదివాను. కొక్కెం ఖాళీగా ఉందన్న చోట నాకే ఊపిరి ఆగినంత పనయింది. నీళ్ళ మధ్యలో నిప్పంటుకున్నప్పుడు ఆర్పే డబ్బా ఉండాల్సిన చోట లేకపోతే ఎలా ఉంటుందో నేను చూశాను. అది ఇప్పుడొద్దులే.

ఆ మెరుపుగారు అన్నది నిజమే. ఒకరు చేసిన పని ఇంకొకరు మళ్ళీ చూడటమంటే నమ్మకం లేదనే అర్థం. దానికి వేరే పేరు పెట్టి లాభం లేదు. ఆవిడతో వాదన పెట్టుకోకు. అన్నేళ్ళు పని చేసిన మనిషి మనసు కష్టపెట్టడం సులువు, జారిన మాట వెనక్కి తీసుకోవడం కష్టం. ఇంకో సంగతి కూడా చెప్పాలి, మా

పంపు మొరాయించిందని పిలుస్తున్నారు. రేవు ఏజెంటు పడవ కూడా ఇప్పుడే వెళ్ళిపోతోంది. ఉన్నంతవరకు పంపేస్తున్నా.

బాబాయి

జూన్ 30

బాబాయ్,

నీ ఉత్తరం అందింది. అందకపోయినా బాగుండేది. లోకంలో నా వైపు నిలబడే మనిషి ఒక్కడున్నాడని రాస్తే, ఆ మనిషి మెరుపుగారి తరఫు వకీలయి కూర్చున్నాడు. అమ్మ అయితే, "మీ బాబాయి ఊరికే అనడు, ఆలోచించుకో" అని ఇంకో ముక్క తగిలించింది.

సరే, నీకు సంతోషం కలిగే కబురే చెబుతాను. మొన్న పొద్దున ఒక పెద్దాయనకి ఒళ్ళు తుడుస్తున్నాను. పక్కకి తిప్పినప్పుడల్లా వేలి క్లిప్పు జారి అలారం ఊరికే మోగుతోంది. ఒళ్ళు తుడవడం అయ్యేదాకా అని, రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోతే తప్ప మోగకుండా ఆ అంకెని కిందికి దించాను. అయ్యాక పైకి జరపడం మర్చిపోయాను. మధ్యాహ్నం డ్యూటీకి మెరుపుగారు వచ్చింది. మంచం పక్కన ఇద్దరం నిలబడ్డాం. నేను పైకి చదువుతున్నాను, ఆవిడ చూస్తోంది. అలారం దగ్గరికి వచ్చాక గానీ, దించిన అంకె దించినట్టే ఉందని నాకు గుర్తురాలేదు. ఆవిడ అప్పటికే చూసేసింది. చెయ్యి చాపి అంకె సరిచేసి, "తర్వాతది చెప్పు" అంది.

ఆయనకి ఏమీ కాలేదు బాబాయ్. కానీ ఆ పెద్దాయన ఊపిరి తగ్గిపోతూ ఉంటే మిషన్ నోరు మూసుకుని ఉండేది. అలా చేసింది నేను. తనిఖీ అని ఊరంతా చాటిన నేను.

నేనే వెళ్ళి పెద్ద సిస్టర్‌కి చెప్పాను. ఆవిడ విని తలూపింది. పొద్దున వచ్చి చూస్తే డ్యూటీ చార్టులో నాకు మంచం లేదు. "నువ్వు కొన్నాళ్ళు బల్ల దగ్గర కూర్చో" అంది. ఎందుకని అడిగే ధైర్యం లేకపోయింది. తోటివాళ్ళు రోగుల మధ్య తిరుగుతుంటే నేను బల్ల దగ్గర కూర్చుని చూస్తున్నాను. మా వార్డు పెద్ద డాక్టరుకి కూడా ఈ తనిఖీ నచ్చలేదట. రౌండ్స్‌కి వస్తే పలికే నర్సు ఒక్కరూ దొరకరని ఆయన బాధ. నెల అయ్యాక మీటింగు. ఎలా తేలుతుందో నాకు అర్థమవుతూనే ఉంది.

ఉంటాను.

జూలై 11

పొట్టీ,

సంతకం కూడా పెట్టకుండా పంపావు. ముందు నేను సగంలో వదిలేసిన వాక్యం పూర్తి చేయనీ.

ఇంకో సంగతి చెప్పాలి, మా ఇంజిన్ గదిలో డ్యూటీ దిగేవాడు ఎక్కేవాణ్ణి వెంటబెట్టుకుని ప్రతి మీటరూ చూపిస్తాడు. అయినా ఎక్కినవాడు మళ్ళీ తన చేత్తో తడిమి చూసుకుంటాడు. నమ్మకం లేకనే. నేను ఎవర్నీ నమ్మను, అందరికంటే తక్కువ నమ్మేది నన్ను నేను. నిద్ర చాలని మనిషి, కడుపు నొప్పితో ఉన్న మనిషి, ఇంటినుంచి చెడ్డ కబురు వచ్చిన మనిషి, అందరూ నేనే కదా. ఆవిడ అన్న మాట నిజమే, ఒప్పేసుకో, అందులో అవమానం లేదని చెప్పు, అని రాయబోయాను. ఆ పంపు పాడుగానూ, నన్ను వకీలుని చేసింది.

ఇక ఆ బల్ల సంగతి. తప్పు తనంతట తనే వచ్చి చెప్పిన పిల్లని మూల కూర్చోబెడతారా? రేపు ఇంకెవరైనా నోరు విప్పుతారా? నాకు ఒళ్ళు మండిపోయింది. మీ పెద్ద సిస్టర్‌కి నేనే నేరుగా ఉత్తరం రాసి ఇందాకే ఏజెంటుకి ఇచ్చేశాను. కాస్త ఘాటుగానే రాశాను. ఓడ దిగగానే వచ్చి మీ వార్డు గుమ్మం ముందు చాప వేసుకుని కూర్చుంటానని కూడా రాశాను.

నువ్వు మాత్రం తలెత్తుకుని డ్యూటీకి వెళ్ళు. వదినకి చెప్పకు.

బాబాయి

జూలై 24

బాబాయ్,

ఎంత పని చేశావు. ఉత్తరాలు రెండూ ఒకే రోజు వచ్చాయి, నాది ఇంటికి, పెద్ద సిస్టర్‌ది ఆసుపత్రికి. నీది చదివి గుండె చిక్కబట్టుకుని డ్యూటీకి వెళ్ళాను. పెద్ద సిస్టర్ కళ్ళజోడు పెట్టుకుని నీ ఉత్తరం చదువుతోంది. అందులోనూ గ్రీజే. చివరిదాకా చదివి మడిచింది.

"మీ బాబాయి మనిషి ఎలా ఉంటాడు?" అంది.

"మంచివాడేనండీ" అన్నాను.

"చాప ఎందుకు, కుర్చీ వేయిస్తానని రాయి" అంది.

జరిగింది మనిద్దరం తలకిందులుగా అర్థం చేసుకున్నాం. నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టింది శిక్షగా కాదు. నీకు ఆ ఉత్తరం రాసిన మర్నాడే ఆవిడ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "మంచం దగ్గర ఉంటే నీ రోగే కనిపిస్తాడు. ఇక్కణ్ణుంచి ఎనిమిది మంచాలూ కనిపిస్తాయి. ఎవరు నిజంగా చూస్తున్నారో, ఎవరు పాఠం అప్పజెప్పినట్టు నోటితో అనేసి పోతున్నారో గమనించు. తప్పు ఎలా జారిపోతుందో ఈమధ్యే అనుభవించినదానివి, నీ కంటికే దొరుకుతుంది" అంది. ఆ ముక్క ముందురోజే చెబితే ఆవిడ సొమ్మేం పోయేదో. అప్పుడే నీకు రాయాల్సింది. కానీ నీ మీద అలిగి ఉన్నాను కదా, కొన్నాళ్ళు బిగుసుకుని కూర్చున్నాను.

చూస్తూ కూర్చుంటే చాలా తెలిసింది. సిలిండరు మీటరులో ముల్లు చూడకుండానే "నిండుగా ఉంది" అనేవాళ్ళున్నారు. అప్పటినుంచి చెప్పేది ఒకరు, ముట్టుకునేది ఇంకొకరు అని మార్చాం. ముట్టుకున్న చెయ్యి అబద్ధమాడదు.

పోయిన వారం మీటింగు జరిగింది. పెద్ద డాక్టరు సూటిగానే అన్నాడు. "మీ ఉద్దేశం మంచిదే. కానీ డ్యూటీ మారే సమయంలో ఇద్దరేసి నర్సులు మంచాలకి అతుక్కుపోతే ఆ కాసేపు వార్డు ఎవరు చూస్తారు?" ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. మెరుపుగారు లేచింది. అయిపోయిందనుకున్నాను.

"నేను దీనికి అడ్డం తిరిగానని ఇక్కడ అందరికీ తెలుసు" అంది. "మొన్న ఈ పిల్ల ఒక అలారం మర్చిపోయింది, నేను పట్టుకున్నాను. ఇంటికెళ్ళాక ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఇంత జాగ్రత్తగల పిల్లే మర్చిపోతే, ఇన్నేళ్ళలో నేను ఎన్ని మర్చిపోయి ఉంటాను? పక్కన నిలబడి చూసేవాళ్ళు లేక నాకు తెలియలేదు, అంతే. నా తర్వాత వచ్చేవాళ్ళు నా పని చూడాలి. ఇది తీసేస్తే నేను ఒక్కదాన్నయినా చేస్తాను."

పెద్ద డాక్టరు పెన్ను జేబులో పెట్టుకుని, "రౌండ్స్ కాస్త వెనక్కి జరుపుతాను" అన్నాడు. తనిఖీ నిలిచింది బాబాయ్. ఈ వార్డుకే కాదు, పక్క వార్డు వాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్తున్నారు.

నాకు మళ్ళీ మంచం ఇచ్చారు. మూల మంచం. కాన్పయిన వారానికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిన అమ్మాయి. నాకంటే చిన్నది. భర్త రోజూ పాప ఫొటో తెచ్చి గాజు తలుపుకి ఆనించి పట్టుకుంటాడు.

నీ పొట్టి (సంతకం పెట్టాను, చూసుకో)

ఆగస్టు 12

బాబాయ్,

కూర్చుని చదువు. అందరూ బాగున్నారు, అది ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే ఇంకెవరికైనా ఉత్తరం రాసేస్తావు.

ఆసుపత్రి వెనక కొత్త భవనం కడుతున్నారు. పోయిన మంగళవారం మధ్యాహ్నం డ్యూటీ మారుతోంది. ప్రతి మంచం దగ్గరా ఇద్దరేసి నిలబడి ఉన్నాం. నేను దిగుతున్నాను, మెరుపుగారు ఎక్కుతోంది. మా మూల మంచం దగ్గర ఆవిడ వంగి సిలిండరు చూసి, "ముల్లు కిందికుంది, మార్పించు" అంది. పొద్దున ఆ అమ్మాయిని స్కానింగుకి తీసుకెళ్ళినప్పుడు వాడేసి అలాగే తెచ్చి పెట్టారు. కొత్తది తెప్పించి బిగించాం. నేను "అంబు బ్యాగు" అని చెప్పాను. ఆవిడ దాన్ని అరచేతికి అదిమి నొక్కి చూస్తోంది. సరిగ్గా అప్పుడు గోడమీది ఆక్సిజన్ అలారం మోగింది. ఒక వెంటిలేటర్ అరిచింది. తర్వాత ఇంకొకటి. తర్వాత అన్నీ.

బయట తవ్వే యంత్రం మా వార్డు గోడల్లోకి వచ్చే ఆక్సిజన్ గొట్టాన్ని తెంపేసింది. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా గోడలోంచి గాలి రావడం లేదని.

నేను భయపడ్డానా అని అడుగుతావు. భయపడేంత తీరిక దొరకలేదు. మెరుపుగారు ఒకటే మాట అంది, "అందరూ చేత్తో". అంతే బాబాయ్. ఎనిమిది కొక్కేలకీ ఎనిమిది బ్యాగులున్నాయి. ఎవరూ వెతకలేదు. ఎవరూ పరుగెత్తలేదు. ప్రతి మంచం దగ్గరా ఇద్దరున్నారు కాబట్టి ఒకరు మిషన్ విప్పి బ్యాగు తగిలించి పిసకడం మొదలుపెడితే, రెండోవాళ్ళు సిలిండరు తిప్పారు. పాత పద్ధతే అయితే ఆ సమయానికి దిగేవాళ్ళు మెట్ల మీదో, బస్టాపులోనో ఉండేవాళ్ళు. ఒక్కో మంచం దగ్గర ఒక్కరే మిగిలేవాళ్ళు.

పెద్ద సిస్టర్ వార్డు మధ్యలో నిలబడి ఒక్కో మంచాన్నీ నంబరు పెట్టి పిలిచింది. "ఉన్నాం" అని జవాబులు వచ్చాయి. చివరి జవాబు వచ్చాక ఆవిడ ముఖం చూడాలి నువ్వు. పెద్ద డాక్టరు పరుగున లోపలికి వచ్చాడు. అరవడానికే వచ్చినట్టు నోరు తెరిచాడు, చుట్టూ చూసి మూసుకున్నాడు. పిసికి పిసికి చెయ్యి తిమ్మిరెక్కిన ఒక నర్సు దగ్గరికి వెళ్ళి, "నాకివ్వండి" అని బ్యాగు అందుకున్నాడు. ఊడ్చే ఆయమ్మ సిలిండర్ల బండి తోసుకొచ్చింది. వ్యాయామం చేయించడానికి వచ్చిన ఫిజియో పిల్ల కూడా ఒక మంచం పట్టుకుంది.

నా ముందున్న అమ్మాయి కళ్ళు తెరిచింది. మత్తు తగ్గి ఉంది. నేను స్టూలెక్కి, ఆవిడ ముఖం మీదికి వంగి, ఊపిరి ఊపిరికీ నొక్కుతూ చెప్పాను. "మిషన్ కాసేపు ఆగింది. నీ ఊపిరి నా చేతిలో ఉంది. నేను వదలను." ఏం చెప్పానో నాకు తర్వాత గుర్తులేదు, మెరుపుగారు చెప్పింది. ఆ అమ్మాయి నా కొంగు పిన్నుని గట్టిగా పట్టుకుని ఉండిపోయింది. గాజు తలుపు అవతల భర్త ఫొటో పట్టుకునే నిలబడ్డాడు. లోపల ఏం జరుగుతోందో అతనికి తెలియదు. మేమంతా ఒకేసారి ఏదో పిసుకుతూ కనిపించి ఉంటాం.

చాలాసేపటికి అవతలి వైపు నుంచి వేరే లైను కలిపారు. గోడలోంచి బుస్సుమని శబ్దం వచ్చింది. ఒక్కో మిషన్ అరుపు ఆపింది. పెద్ద సిస్టర్ మళ్ళీ అన్ని మంచాల్నీ పిలిచింది. మళ్ళీ అన్నీ పలికాయి. ఎనిమిది మందీ బతికారు బాబాయ్. ఒక్కరికీ చిన్న హాని కూడా జరగలేదు.

మెరుపుగారు తన వేళ్ళు విరుచుకుంటూ నా వైపు తిరిగింది. "ఎక్కడ ఆగాం?" అంది. "అంబు బ్యాగు దగ్గర" అన్నాను. "అది పనిచేస్తోందిలే. తర్వాతది చెప్పు" అంది. ముందు ఎవరు నవ్వారో తెలియదు, వార్డు మొత్తం నవ్వింది. పెద్ద సిస్టర్ కూడా. ఆవిడ పళ్ళు నేను చూడటం అదే మొదటిసారి. నవ్వుతూనే కొందరు ఏడ్చారు. నేను ఏడవలేదని అమ్మకి చెప్పాను, నీకు అబద్ధం చెప్పను.

మర్నాడు డ్యూటీ మారేవేళకి పెద్ద డాక్టరు ముందే వచ్చి మొదటి మంచం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నన్ను కూడా కలుపుకోండి" అన్నాడు. మెరుపుగారు ఆయనకి సిలిండరు చూసే పని అప్పగించింది.

నిన్న ఆ అమ్మాయికి ట్యూబు తీశారు. గొంతు బొంగురుపోయింది. అయినా మొదటి మాట స్పష్టంగానే వినబడింది. "పాప పాలు తాగుతోందా?" భర్త తలుపు దగ్గర్నుంచే అవునని పెద్దగా తలూపాడు. ఇవాళ పాపని తెచ్చి ఆవిడ గుండెల మీద పడుకోబెట్టాం. అది వార్డంతా దద్దరిల్లేలా ఏడ్చింది. ఇన్నాళ్ళలో ఇక్కడ మోగిన చప్పుళ్ళలో ఎవరూ ఆపాలని చూడనిది అదొక్కటే.

నీ పొట్టి

ఆగస్టు 29

పొట్టీ,

రేవులో సరుకు ఎక్కిస్తుండగా నీ ఉత్తరం వచ్చింది. నిలబడే చదివాను. కూర్చోమన్నావు గానీ కుర్చీ కనబడలేదు.

తర్వాత భోజనాల గదిలో మావాళ్ళందరికీ చదివి వినిపించాను. గోడలోంచి గాలి ఆగిపోయిన చోట వంటవాడు గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయాడు. ఎనిమిది మందీ బతికారన్నాక గానీ లోపలికి వెళ్ళలేదు. అప్పటికి కూర మాడిపోయింది. అందరూ మాడిన కూరే తిని, మళ్ళీ చదవమన్నారు. చదివాను.

మీ పెద్ద సిస్టర్‌కి నా క్షమాపణలు చెప్పు. మెరుపుగారికి నా నమస్కారం చెప్పు, ఒకసారి కాదు రెండుసార్లు. వదినకి నేనే విడిగా రాస్తున్నాను. ఇంట్లో ఎలాంటి పిల్ల తిరుగుతోందో ఆవిడకి ఇంకా సరిగా తెలిసినట్టు లేదు.

సాయంత్రం కెప్టెన్ కబురు పెట్టాడు. ఇన్నేళ్ళ కొలువులో ఇంజిన్ గది మనిషిని నేను, పై అంతస్తుకి నన్ను పిలిచినవాడు లేడు. ఏం తప్పు చేశానా అనుకుంటూ వెళ్ళాను. ఓడ రేవు వదిలేటప్పుడు ఒక పొడుగు కూత వేయాలి, అది రూలు. ఆయన పక్కకి తప్పుకుని ఆ మీట చూపించి, "ఇవాళ్టిది ఆ నర్సుల కోసం. నువ్వు వెయ్యి" అన్నాడు.

వేశాను. రూలు కంటే చాలా పొడుగ్గా వేశాను. కెప్టెన్ ఆపమనలేదు. రేవులో క్రేన్ల మీదివాళ్ళు తిరిగి చూశారు, చిన్న పడవల వాళ్ళు ఎందుకో తెలియకపోయినా చేతులూపారు, నేనూ ఊపాను. అక్కడిదాకా వినబడి ఉండదు కాబట్టి రాస్తున్నాను. అది మీకే.

బాబాయి